మడ్‌గార్డు విరిగేది ఎక్కడ?

ఈశాన్య రుతుపవనాలు దిగాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరువళ్లూరు జిల్లాలోని తిరుత్తణి, పళ్లిపట్టు చుట్టూ ఎర్రమట్టి దారులు బురద బురదగా ఉంటాయి. పదకొండో తరగతిలో ప్రభుత్వం ఇచ్చిన సైకిలెక్కి బడికి పోయే పిల్లల యూనిఫాం మీద, వెనక మడ్‌గార్డు ఊడిపోయి ఉంటే, నడుము నుంచి మెడ దాకా ఎర్రటి చార పడుతుంది. పొదటూరుపేట నేతగాడు క్యారియరు మీద నూలు కట్ట పెట్టుకుని బయల్దేరితే ఆ చార నూలు మీదే పడుతుంది. ఒక చిన్న రేకో, ప్లాస్టిక్కో తప్పించగల నష్టం ఇది.

గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, 28 అంగుళాల చక్రం అంచున ఉన్న నీటిబొట్టును టైరుకే అంటిపెట్టి తిప్పాలంటే దాని బరువుకు దాదాపు 5 రెట్ల బలం కావాలి. రబ్బరుకు నీటిమీద అంత పట్టు ఉండదు. బొట్టు విడిపోయి, ఆ క్షణంలో టైరు అంచు ఎటు కదులుతోందో అటే దూసుకుపోతుంది. వెనక చక్రం వెనకవైపు అంచు కదిలేది పైకి. గాలి అడ్డును పక్కన పెడితే, ఇరుసు ఎత్తున విడిపోయిన బొట్టు అక్కడి నుంచి సుమారు 88 సెంటీమీటర్లు లేస్తుంది. ఇంకాస్త పైన విడిపోయినవి ముందుకు వంగి వీపుకు తగులుతాయి. వేగం రెట్టింపైతే ఎగిరే ఎత్తు నాలుగు రెట్లవుతుంది. తొక్కేవాళ్లు గంటకు 10 నుంచి 20 కిలోమీటర్లకు పెంచితే 39 సెంటీమీటర్లు కాస్తా 157 అవుతాయి.

ముందు చక్రం చేసే చెరుపు ఇంతగా కనబడదు గానీ ఖర్చు ఎక్కువ. నేలను వదిలిన వెంటనే విడిపోయే నీరు వెనక్కి, కాళ్ల మీదికీ చైను మీదికీ వస్తుంది. ఆ నీటిలోని ఇసుక చైను నూనెతో కలిసి సానపట్టే ముద్దగా మారి లింకుల్నీ పళ్లచక్రాల్నీ అరగదీస్తుంది. అందుకే ముందు మడ్‌గార్డు కింది కొనకు పాత లారీ ట్యూబు ముక్కను కోసి, నేలకు జానెడు ఎత్తు దాకా వేలాడేలా బిగించడం నాకు అన్నిటికంటే లాభసాటి పని అనిపిస్తుంది.

ఏ రకం కొనాలి? 1949లో టి.ఐ. సైకిల్స్ మొదలైన అంబత్తూరు తిరువళ్లూరుకు లోకల్ రైలు దూరమే. పాతకాలం పెద్ద సైకిళ్లకు ఉండే ఉక్కు రేకు మడ్‌గార్డు ఇక్కడ అందరికీ తెలిసిందే. ఉక్కుకు ఒక గొప్ప గుణముంది: కుదుపుల వల్ల పడే ఒత్తిడి ఒక హద్దు లోపలే ఉంటే, ఎన్ని లక్షల కుదుపులు తిన్నా అది అలసి చీలదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న కుదుపులు కూడా చాలాకాలం తగిలితే చీలుతుంది. పైగా పులికాట్ వైపు ఉప్పుగాలిలో, ఉక్కు బోల్టు తాకిన చోట అల్యూమినియం క్షయిస్తుంది. చవక ప్లాస్టిక్కు వేసవి ఎండకు పెళుసవుతుంది. నల్ల ప్లాస్టిక్కయితే అందులోని కార్బన్ పొడి అతినీలలోహిత కిరణాల్ని అడ్డుకుంటుంది కనుక కొంత నయం. ఉక్కుకు శత్రువు తుప్పు. అది లోపలి వైపు, అంచు మడతలో చేరిన తడిమట్టి దగ్గర మొదలవుతుంది. కొనేటప్పుడు తిరగేసి చూడండి. లోపల రంగు లేకపోతే రెడాక్సైడు పూయించండి. నా ఓటు అలా రంగు వేసిన ఉక్కుకే, స్తోమత ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలుకు.

అయితే ఏ లోహమైనా సాధారణంగా విరిగేది రేకు మధ్యలో కాదు, బోల్టు రంధ్రం దగ్గర. మడ్‌గార్డుకూ ఫ్రేముకూ మధ్య సందు ఉంటే చాలామంది బోల్టు బిగించి రేకును లాగేస్తారు. అప్పుడు సైకిలు గోడకు ఆనించి ఉన్నా రేకు ఒత్తిడిలోనే ఉంటుంది. గుంతలు దానికి తోడవుతాయి. లాగకుండా ఆ సందును వాషర్లతో నింపాలి. రేకుకు రెండు వైపులా వెడల్పాటి వాషర్లు, మధ్యలో పలచని రబ్బరు వేస్తే ఒత్తిడి రంధ్రం అంచునే పోగుపడదు. మడ్‌గార్డును ఇరుసుకు కలిపే కమ్మీ దాని తోక కొనకు దగ్గరగా ఉండాలి. ఆధారం లేని తోక పొడవు రెట్టింపైతే, అదే బలానికి కొన ఎనిమిది రెట్లు వంగుతుంది.

40 మిల్లీమీటర్ల టైరుకు కనీసం 50 మిల్లీమీటర్ల వెడల్పున్న మడ్‌గార్డు, మధ్యలో వేలు దూరేంత సందు కావాలి. బంకమట్టి దారైతే రెండు వేళ్లు. ముందు చక్రంలో మట్టి ఇరుక్కుని పట్టేస్తే మనిషి హ్యాండిల్ మీంచి పడతాడు. వెనక ఇరుసు మీద కమ్మీలు, స్టాండు, క్యారియరు అన్నీ ఒకే నట్టు కింద చేరతాయి. పంక్చరు వేయించాక ఆ నట్టులోంచి ఇరుసు మర కొన బయటికి కనబడుతోందో లేదో చూసుకోండి. కనబడకపోతే పట్టు చాలనట్టే.

చీలిక అప్పటికే మొదలైతే రేకు పారేయనక్కర్లేదు. చీలిక మొన సూదిగా ఉండటం వల్లే ఒత్తిడంతా అక్కడ చేరి అది పాకుతుంది. ఆ మొన మీద 3 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం వేయిస్తే పాకడం నెమ్మదిస్తుంది. తర్వాత లోపలి వైపు రేకు ముక్క పెట్టి, చీలికకు అటూ ఇటూ రెండేసి రివిట్లు కొట్టించి, రంధ్రాల అంచులకు అదే రోజు రంగు వేయించండి.