ముఖమల్ కొమ్ము – దాన్ని నిలబెట్టే శాస్త్రం

కొమ్ము అనగానే మా పల్లెటూరి వాళ్ళకు ఎద్దు కొమ్మే గుర్తుకొస్తుంది. అది బతికినన్నాళ్ళూ ఉంటుంది, రాలదు. దుప్పి కొమ్ము సంగతి వేరు. అది రాలిపోయి మళ్ళీ మొలుస్తుంది. మొలిచే రోజుల్లో అది ఎండు ఎముక కాదు, ప్రాణమున్న కణజాలం! పాత బంగళాల గోడలమీది దుప్పి తలలను చూసి ఆశ్చర్యపోయే మిత్రులకు ఈ తేడా ముందు చెప్పాలి.

మగదుప్పి నుదుటి ఎముకమీద రెండు దిమ్మలుంటాయి. వాటిమీద మొలిచిన కొమ్ము కొసవైపు పెరుగుతూ పోతుంది. కొసన మృదులాస్థి ఏర్పడుతుంటే దాని వెనక ఎముక తయారవుతుంటుంది. పైన పొట్టి నూగుతో కూడిన చర్మం, అందులో కిక్కిరిసిన రక్తనాళాలు, నరాలు. తాకితే ముఖమల్ గుడ్డలా ఉంటుంది కాబట్టే ఇంగ్లీషువాళ్ళు దీన్ని ‘వెల్వెట్’ అన్నారు. అమెరికాలోని వాపిటి వంటి పెద్ద జాతుల్లో కొమ్ము రోజుకు 2 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. తర్వాత టెస్టోస్టిరాన్ హార్మోను ఎక్కువై కొమ్ము గట్టిపడుతుంది, రక్తప్రసారం ఆగిపోతుంది. ఎండిన ముఖమల్‌ను దుప్పి చెట్లకేసి రుద్ది ఊడగొట్టుకుంటుంది. మిగిలిన ఎముక ఏళ్ళతరబడి చెడదు.

చిక్కంతా ముఖమల్ ఉండగానే చచ్చిన జంతువుతోనే. అలాస్కాలో ఆగస్టులో వేటాడే కారిబూలు ఇలాంటివే. గొడ్డు తోలైతే ఒలిచి, లోపలివైపు ఉప్పు దట్టిస్తారు. ముఖమల్ ఎముకకు అంటుకుని ఉంటుంది, ఉప్పు లోపలికి పోదు. రక్తం లోపల నిలిచిందా, బాక్టీరియా పెరిగి కంపు కొడుతుంది, నూగు కుచ్చులుగా ఊడి వస్తుంది.

అందుకని మొదట కొమ్ము కొసలకు చిన్న గాట్లు పెట్టి, తల కిందికి వేలాడదీసి రక్తం కార్చేస్తారు. తర్వాత మొదట్లోని రక్తనాళాల్లోకి పలుచన ఫార్మలిన్‌ను సిరంజితో ఎక్కిస్తారు. అది కొసల్లోంచి కారేదాకా ఎక్కించాలి. ఫార్మాల్డిహైడ్ ప్రోటీన్ అణువులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. దాంతో అవి కుళ్ళవు. ఆపైన గాలి ఆడేచోట వారాలతరబడి ఆరబెట్టాలి.

రెండో పద్ధతి, గడ్డకట్టించి శూన్యంలో ఆరబెట్టడం. ఇందులో మంచు నీరు కాకుండానే ఆవిరైపోతుంది, ఆకారం ముడుచుకోదు. మూడోది, ముఖమల్‌ను పూర్తిగా ఒలిచేసి కృత్రిమ నూగు అంటించడం.

మనకిదంతా ఎందుకంటారా? నిజమే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో దుప్పిని వేటాడి తల గోడకు తగిలించుకుంటే నేరం. తెలంగాణ రాష్ట్ర జంతువైన మచ్చల దుప్పి ముఖమల్ కొమ్ముల అందం అడవిలో చూడవలసిందే. కాని జువాలజీ లాబులోని సీసాల్లో కప్పా, చేపా కుళ్ళకుండా ఉన్నాయంటే దానికీ ఇదే రసాయన సూత్రం ఆధారం. మన ప్రోటీన్లకూ అది మినహాయింపు ఇవ్వదు. 2004లో అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో కాన్సర్ కలిగించే పదార్థంగా నిర్ధారించింది. కళ్ళు మండితే ‘అలవాటైపోతుందిలే’ అనుకునే వాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. అది అలవాటు చేసుకోవలసిన మంట కాదు. సీసా మూత తీసేముందు కిటికీలు తెరవండి, చేతులకు తొడుగులు వేసుకోండి. తొడుగులు లేకపోతే అడగండి. అడగడం మన హక్కు.