పదవ తరగతి తప్పిన పిమ్మట

పదవ తరగతి ఫలితములు వెలువడిన తరువాతి కొన్ని వారములు పరీక్ష తప్పిన పిల్లలకు గడ్డుకాలము. బాలుని ఏదో దుకాణమున కుదుర్చుటయు, బాలికకు పెండ్లి తలపెట్టుటయు తరచు అప్పుడే జరుగుచుండును. అంతటితో చదువు ముగిసినదని ఇంటిల్లిపాది తలంతురు. అది నిజము కాదని శ్రోతలకు మనవి చేయుచున్నాము.

తప్పిన విషయములకు కొద్ది వారములలోనే సప్లిమెంటరీ పరీక్ష జరుగును. బడికి పోలేనివారికి సార్వత్రిక విద్య కలదు. 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాలగా వెలసిన సంస్థలో ఒకసారి చేరినవారు, అయిదేండ్లలో తొమ్మిది పర్యాయములు పరీక్షకు కూర్చుండి, ఒక్కొక్క విషయమే ముగించుకొనవచ్చును.

చేతిపనియందు ఆసక్తి గలవారికి ఐ.టి.ఐ.లు ఉన్నవి, బాలికలకు ప్రత్యేకించినవియు కలవు. ఫిట్టరు, ఎలక్ట్రీషియను శిక్షణలకు పదవ తరగతి కావలెను. వెల్డరు, వైర్‌మన్ శిక్షణలకు ఎనిమిదవ తరగతి చాలును. మొదటిది ఒక ఏడు, రెండవది రెండేండ్లు. పిదప 1961 నాటి అప్రెంటిస్ చట్టము ననుసరించి, కర్మాగారమున పని నేర్చుకొనుచు భృతియు పొందవచ్చును.

ఏ దారి తగునో మార్కుల పట్టిక చెప్పదు. ఏ పనిలో పడిన ఆకలి మరచునో ఆ బిడ్డనే అడుగవలెను. పొరుగు పిల్లలతో పోల్చుట మాని, ప్రధానోపాధ్యాయుని కలిసి, దరఖాస్తుల గడువు తెలిసికొనవలెను. ప్రవేశము తప్పిన మరుసటి ఏటి దాక వేచియుండవలసి వచ్చును. ఆ ఖాళీ ఏడే చదువునకు గండి కొట్టును.