గంధరాజము ఏల పాలిపోవును?

పెరటిలో గంధరాజము నాటి, దాని తెల్లని పూవులకై ఎదురుచూచు కుటుంబములు గ్రామములలో పెక్కు కలవు. అయితే నాటిన ఒకటి రెండేండ్లకే ఆకులు పసుపువన్నెకు తిరిగి, మొగ్గలు విచ్చకమునుపే రాలి, మొక్క క్షీణించుట తరచుగా కానవచ్చుచున్నది. నీరు చాలలేదని తలచి ఇంటివారు మరింత నీరు పోయుదురు. మొక్క మరింత పాలిపోవును.

ఖైరతాబాదులో మా యింటి గంధరాజమునకును ఇదే గతి పట్టినది. క్రొత్తగా కట్టిన ప్రహరీగోడ ప్రక్కనే దానిని నాటి, బోరు నీరు పోయుచు వచ్చితిమి. లేత ఆకులు పసుపుబారినవి. ఈనెలు మాత్రము పచ్చగానే నిలిచినవి. ఇది ఇనుపధాతువు లోపమునకు గురుతు. అట్లుగాక క్రింది ముదురాకులు ఈనెలతోసహా పసుపుబారినచో నత్రజని కొరతయో, వేళ్ళవద్ద నీరు నిలుచుటయో కారణమై యుండవచ్చును.

నేలలో ఇనుము లేకపోవుటవలననే ఈ లోపము కలుగునని తలచరాదు. గంధరాజము చీనా మున్నగు తూర్పు ఆసియా దేశముల మొక్క. మన అడవులలోని బిక్కి చెట్లు దీని బంధువులే. ఇది కొంచెము ఆమ్లగుణముగల నేలను కోరును. ఉదజని సూచిక 5 మొదలు 6 వరకు ఉన్నచో బాగుగా పెరుగును. గోడనుండి దిగిన సున్నము, సిమెంటులవలనను, బోరు నీటిలోని లవణములవలనను ఆ సూచిక 7 దాటినచో, ఇనుము కరగని రూపమునకు మారి వేళ్ళకు అందదు.

తక్షణ చికిత్సగా లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, అప్పటికప్పుడే సాయంవేళ ఆకులపై చల్లవలెను. వారమునకొకసారి చొప్పున రెండు మూడు పర్యాయములు చల్లిన చాలును. వేరుశనగ రైతులకు ఈ మందు పరిచితమే.

శాశ్వత నివారణకు మొక్కను గోడకు దూరముగా, మధ్యాహ్నపు ఎండ తగులని చోటికి మార్చవలెను. గుంటలో ఎర్రమట్టి, బాగుగా చివికిన ఆకుల ఎరువు నింపవలెను. పైమట్టి ఆరిన పిమ్మటనే నీరు పోయవలెను. వాననీరు నిలువచేసి వాడుట శ్రేష్ఠము. కట్టెల బూడిదను ఎంతమాత్రము వేయరాదు. అది సున్నమువలెనే హాని చేయును. మేము ఇట్లు చేసిన పిమ్మట క్రొత్త చిగుళ్ళు పచ్చగా వచ్చినవి.

పంచాయతీ సభ్యులు దీనిని ఒక యింటి పూలమొక్క సంగతిగా మాత్రమే తలచరాదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము నాటిన మొక్కలలో నూటికి 85 బ్రదికించు బాధ్యతను పంచాయతీలపై ఉంచినది. ఒక పెరటిలో గంధరాజము పాలిపోయినప్పుడు, అదే బోరు నీటితో పెరుగుచున్న నర్సరీలోని నిమ్మ, జామ, గులాబి మొక్కల లేత ఆకులనుగూడ పరిశీలింపవలెను. అచ్చటను ఇదే గురుతు కనిపించినచో, మట్టిని, నీటిని పరీక్షకు పంపుటకై మండల వ్యవసాయాధికారిని సంప్రదింపవలెను. మొక్కలు చచ్చిన పిమ్మట క్రొత్తవి నాటుటకంటె ఇది తక్కువ వ్యయముతో కూడిన పని.