పొలం గట్టున తొలి పాఠాలు

శిశువు ఎదుగుదలను తెలుగువారు పిండివంటలతో లెక్కించారు. బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు వండి ఇరుగుపొరుగు వారికి పంచడం ఆచారం. పైకి ఇది అక్షరసామ్యంతో కూర్చిన వేడుకగా కనిపిస్తుంది. పరిశీలిస్తే శైశవంలోని ముఖ్యదశలు ఇందులో వరుసగా ఇమిడి ఉన్నాయి. మనుషులను చూసి నవ్వడం రెండవ నెల ప్రాంతంలోను, బోర్లాపడడం సాధారణంగా నాలుగు, ఆరు నెలల నడుమను, అడుగులు వేయడం ఏడాదికి అటూ ఇటూగాను జరుగుతాయి. ఏ ఇంట ఏ వంట పంచారో తెలిస్తే, ఆ ఇంటి బిడ్డ ఎంతవరకు ఎదిగిందో వాడవారందరికీ తెలిసేది.

ఈ ఎదుగుదలకు ఆహారం ఒక్కటే చాలదు. దేహపుష్టికి పాలు అవసరమైనట్లే, బుద్ధివికాసానికి పలకరింపు అవసరం. బిడ్డ ఒక ధ్వని చేస్తుంది. పెద్దలు దానికి బదులిస్తారు. ఆ బదులు విని బిడ్డ మళ్ళీ స్పందిస్తుంది. ఇట్లా సాగే ఇచ్చిపుచ్చుకోవడంలో మెదడులోని నాడీకణాల మధ్య సంబంధాలు బలపడతాయి. మొదటి మూడు సంవత్సరాలలో ఈ ప్రక్రియ అతివేగంగా సాగుతుంది. శిశువుతో ఆడే ఆటలన్నీ నిజానికి ఈ సంభాషణకు వివిధ రూపాలే.

మన ఇళ్లలోని ఆటలను వరుసగా చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. రెండు మూడు నెలల బిడ్డ ‘ఉంగా’ అంటే, తల్లి కూడా ‘ఉంగా’ అని కాసేపు ఆగుతుంది. ఆ ఆగడంలోనే మాట్లాడే వంతు ఒకరి తరువాత ఒకరికి వస్తుందనే పాఠం ఉంది. నాలుగైదు నెలల బిడ్డ ముందు గిలక్కాయ ఆడిస్తే, శబ్దం వచ్చిన వైపు తల తిప్పి, చేయి చాచి పట్టుకోవడానికి ప్రయత్నిస్తుంది. చెవి, కన్ను, చేయి కలిసి పనిచేయడం అప్పుడు అలవడుతుంది. తొమ్మిది పది నెలల వయస్సులో చప్పట్లు చరచడం, చేతులు తిప్పుతూ తారంగం ఆడడం ఎదుటివారిని అనుకరించే శక్తిని పెంచుతాయి. అరచేతిలో పప్పూ అన్నం కలిపినట్లు నటించి, వేళ్లను మెల్లగా చంక వరకు నడిపించి చక్కిలిగింతలు పెట్టే ఆటలో, తరువాత జరగబోయేదాన్ని బిడ్డ ముందే ఊహిస్తుంది. వేళ్లు మోచేతిని దాటకముందే నవ్వు మొదలుకావడం దీనికి నిదర్శనం.

వీటన్నింటిలో దోబూచి విశిష్టమైనది. తల్లి కొంగు చాటున ముఖం దాచుకొంటుంది, మరుక్షణం కనిపిస్తుంది. కంటికి కనిపించనిది లేకుండా పోలేదని గ్రహించడం శిశువు బుద్ధివికాసంలో ఒక గొప్ప మలుపు. స్విట్జర్లాండుకు చెందిన మనోవిజ్ఞానవేత్త జీన్ పియాజే (1896-1980) ఈ గ్రహింపు ఎనిమిదవ నెల ప్రాంతంలో మొదలవుతుందని వివరించాడు. తరువాతి పరిశోధకులు దాని జాడలను ఇంకా ముందే గుర్తించారు. చాటుకు వెళ్లిన అమ్మ తిరిగి వస్తుందనే నమ్మకానికి కూడా ఈ ఆట తోడ్పడుతుంది.

శిశుక్రీడలను మన పూర్వులు చిన్నచూపు చూడలేదు. పోతన భాగవత దశమస్కంధంలో బాలకృష్ణుని శైశవలీలలను ఎంతో మక్కువతో వర్ణించాడు. చరకసంహిత శారీరస్థానంలోని ఎనిమిదవ అధ్యాయం ఆటవస్తువుల లక్షణాలను సైతం చెప్పింది. అవి రంగురంగులుగా, శబ్దం చేసేవిగా, అందంగా, తేలికగా ఉండాలి. మొనదేలి ఉండరాదు. నోటిలోకి పోయేంత చిన్నవి కారాదు. ప్రాణహాని గాని, భయం గాని కలిగించరాదు. నేటి వైద్యులు చేసే హెచ్చరికలు కూడా ఇవే.

అయితే ఈ ఆటలకు తీరిక ఎక్కడిదన్న ప్రశ్న గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలల్లో ప్రత్యేకంగా ఎదురవుతుంది. శీతకాలమంతా పత్తి తీత, సంక్రాంతి దాటాక మిరప కోతలు ముమ్మరమవుతాయి. ఆ తరువాత కళ్లాల్లో కాయలు ఎండబెట్టడం, తాలుకాయలు ఏరడం, తొడిమలు తీయడం ఉంటాయి. ఈ పనుల్లో అధికభాగం స్త్రీలదే. కర్నూలు ప్రాంతం నుంచి, ప్రకాశం పడమటి మెట్ట ఊళ్ల నుంచి కూడా కూలీ కుటుంబాలు ఈ పనులకు వలస వస్తాయి. ఊరిలో ఉండిపోయిన నాయనమ్మ, అమ్మమ్మలతోపాటు వారికి తెలిసిన ఆటలు కూడా అక్కడే ఉండిపోతాయి. పొలం గట్టున వేపకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలే బిడ్డకు రోజంతా లోకమవుతుంది.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మిరపకాయలోని మంట పదార్థం నీటిలో సులభంగా కరగదు. కాబట్టి కోత కోసిన చేతులకు ముందు నూనె రాసి, తరువాత సబ్బుతో బాగా కడుక్కొన్న మీదటనే బిడ్డను తాకాలి. ఘాటు అంటిన కొంగును ముఖానికి దూరంగా ఉంచాలి. పురుగుమందు చల్లిన చేలకు ఉయ్యాల దూరంగా ఉండాలి. మందు ఖాళీ డబ్బాలను ఎంత కడిగినా ఆటవస్తువులుగా ఇవ్వరాదు. తాటాకు గిలక్కాయ, మూత బిగుతుగా ఉన్న చిన్న గిన్నె, గరిటె చాలు. పాలిచ్చే వేళ, అన్నం తినే వేళ దొరికే పది నిమిషాలలో ఒక దోబూచి, ఒక చప్పట్ల ఆట, నాలుగు మాటలు సాధ్యమే. చేతులు పనిలో ఉన్నప్పుడు సైతం పిలుపుకు బదులు పలికే గొంతు ఉంటుంది.

ఇంత చిన్న ఆటల వల్ల కలిగే ప్రయోజనం ఎంతటిదని సందేహం కలగవచ్చు. దీనికి జమైకా దేశం ఒక సమాధానం ఇచ్చింది. 1986-87లో ఆ దేశ రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదవాడల్లో, వయస్సుకు తగిన ఎత్తు పెరగని 129 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలైంది. వారిలో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారానికి ఒక గంట వెళ్లి, ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎట్లా ఆడించాలో తల్లికి చూపారు. ఇరవై ఏళ్ల తరువాత, ఆ సాయం పొందినవారి సంపాదన పొందనివారి కంటే సుమారు 25 శాతం ఎక్కువగా ఉన్నట్లు 2014లో వెల్లడైంది. తల్లి ఆడించిన ఆట బిడ్డ జీవనోపాధి వరకు తోడు వచ్చిందన్నమాట.

ఈ బాధ్యతనంతటినీ తల్లి మీదనే మోపడం న్యాయం కాదు. 1975లో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ద్వారా అంగన్‌వాడీ కేంద్రాలు వెలిశాయి. అయితే వాటిలోని పూర్వ ప్రాథమిక విద్య ప్రధానంగా మూడేళ్లు నిండిన పిల్లలకు ఉద్దేశించినది. మూడేళ్లలోపు వారి కోసం కేంద్ర ప్రభుత్వం 2024లో ‘నవచేతన’ పేరుతో నెలవారీ ఆటపాటల ప్రణాళికను ప్రకటించింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకు మించో ఉంటే వారిని కనిపెట్టుకొని ఉండడానికి ఒక స్త్రీని నియమించాలని నిర్దేశించింది. ఆ ఆలోచన మిరప చేలకు, పత్తి చేలకు కూడా వర్తించదగినది. కూలి ముఠాలో ఒక పెద్దావిడకు కూలి తగ్గించకుండా ఈ పని అప్పగిస్తే, ఉయ్యాల ఊపడం కోసం ఎనిమిదేళ్ల అక్క బడి మానవలసిన అవసరం ఉండదు. ఒక శిశువు తొలి చదువు కోసం మరొక బాలిక చదువు బలికారాదు.

నేడు బిడ్డ ఏడుపు మాన్పడానికి సెల్‌ఫోను చేతికిచ్చే అలవాటు పల్లెలకూ పాకింది. ఏడాదిలోపు శిశువులకు తెర చూపడం తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. తెర పాడుతుంది, ఆడుతుంది. బిడ్డ ‘ఉంగా’ అంటే మాత్రం ఆగి వినదు, బదులు పలకదు. ఆ బదులు పలికే పని తల్లితోపాటు తండ్రి, తాతయ్య, మేనమామ, పక్క సాలులో కాయ కోసే పిన్ని, ఎవరైనా చేయవచ్చు. కొనవలసినది ఏదీ లేని ఈ తొలి పాఠశాలకు, ఆగి వినే మనిషి ఒక్కరు ఉంటే చాలు.