కాలిన గాయాల శాతం

వేడి సాంబారులోనో, మరుగుతున్న నీళ్లలోనో పడిన పసివాళ్ల వార్తల్లో ‘40 శాతం కాలిన గాయాలు’ అని రాస్తారు. ఒంటి చర్మంలో అంత విస్తీర్ణం కాలిందని దాని అర్థం. ఎంత లోతుగా కాలిందో ఈ అంకె చెప్పదు. పొక్కులు లేని ఎరుపును లెక్కలోకి తీసుకోరు, తీసుకుంటే శాతం ఊరికే పెరుగుతుంది. అంచనాకు, రోగి అరచేయి, వేళ్లతో కలిపి, ఒంటి చర్మంలో సుమారు 1 శాతం. తల పెద్దల్లో 9 శాతమైతే, ఏడాదిలోపు పిల్లల్లో దాదాపు 18.

చిన్నపిల్లల్లో మంటలకన్నా వేడి ద్రవాల గాయాలే ఎక్కువ. చర్మం పలుచన గనుక త్వరగా లోతుకు కాలుతుంది. సాధారణంగా 10 శాతం దాటితే సెలైన్ ఎక్కించాలి, లేకపోతే ఒంట్లో ద్రవం తగ్గి షాక్ రావచ్చు. ఉదాహరణకు, వికారాబాద్ జిల్లా తాండూరు నుంచి పెద్దాసుపత్రులున్న హైదరాబాద్‌ వంద కిలోమీటర్ల పైమాటే కాబట్టి, ఈ శాతం లెక్క అంబులెన్స్ కదలకముందే తేలాలి. అంతకుముందే, గాయంపై 20 నిమిషాలు కుళాయి నీళ్లు పారించాలి.