పల్లేరు, ఏనుగుపల్లేరు: గుర్తుపట్టు విధము

ఇసుక నేలలందు నడచినవారికి పల్లేరు ముల్లును పరిచయము చేయ నక్కరలేదు. అయితే మనవారు పల్లేరని పిలుచు మొక్క ఒక్కటి కాదు. నేల నంటి ప్రాకునది చిన్న పల్లేరు. కొంత నిలువుగా నెదిగి లావుపాటి కాయలు కాయునది ఏనుగుపల్లేరు. రెంటి పూవులును పసుపుపచ్చనివే. రెంటి కాయలకును ముండ్లు కలవు. మూలికల అంగళ్ళలో రెండును గోక్షుర మను పేరనే చెల్లుచుండుటచేత, వీని భేద మెఱుగుట వట్టి పాండిత్యము గాదు, మందు పుచ్చుకొనువానికి అవసరమైన సంగతి.

ఈ సంపుటిని చదువువారు పలు రాష్ట్రములలో వసించువారు గనుక మొదట పేర్ల మాట చెప్పెదను. తమిళమున చిన్నదానిని సిఱునెరుంజిల్ అనియు, పెద్దదానిని ఆనైనెరుంజిల్ అనియు నందురు. కన్నడమున నెగ్గిలు, ఆనెనెగ్గిలు. మూడు భాషలవారును పెద్దదానికి ఏనుగు పేరే పెట్టుట ముచ్చటైన విషయము. మరాఠీలో చిన్నదానికి సరాటా అను పేరు కలదు. గోఖరూ అను మాట మాత్రము అచ్చట రెంటికిని వర్తించును. కావున ఆ పేరుతో అడిగినవాడు ఇచ్చిన కాయను తిప్పి చూచుకొనవలసినదే.

చిన్న పల్లేరును శాస్త్రజ్ఞులు ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్ అందురు. ఈ పేరు 1753లో లిన్నేయసు పెట్టినది. దీని ఆకు చింతాకు వలె ఈనెకు ఇరువైపుల చిట్టి ఆకులు గలది. కణుపు కణుపునకు ఎదురెదురుగా రెండాకులుండును; వానిలో నొకటి పెద్దది, ఒకటి చిన్నది. ఈ అసమానత మంచి గుర్తు. పూవునకు ఐదు విడిరేకులు, సాధారణముగా పది కేసరములు. కాయ పండినప్పుడు ఐదు ముక్కలుగా విడిపోవును; ఒక్కొక్క ముక్కకు రెండు పెద్ద ముండ్లు, రెండు చిన్న ముండ్లు. ముక్క ఎట్లు పడినను ఏదో యొక ముల్లు మీదికే చూచుచుండును. పాదములకును, సైకిలు చక్రములకును అదే ఆపద.

ఏనుగుపల్లేరు పెడాలియం మ్యూరెక్సు. పేరునుబట్టి దీనిని పల్లేరునకు అన్నగా నెంచుట సహజమే గాని, వృక్షశాస్త్రరీత్యా ఇది నువ్వుల కుటుంబమునకు చెందినది. ఆకు చీలిక లేని ఒంటి ఆకు, దళసరిది, అంచున మొరటు పండ్లు గలది. రేకులు కలిసి గొట్టమైన పూవు, నువ్వు పూవును తలపించును. కేసరములు నాలుగే. కాయ నాలుగు పలకలది. మూలకొక ముల్లు చొప్పున నాలుగు ముండ్లు. ఎండినను ముక్కలుగా విడిపోదు. దీని పచ్చి కొమ్మను నీటిలో త్రిప్పినచో నీరు జిగురై చిక్కబడును, రంగు మాత్రము మారదు. పలుచని మజ్జిగను చిక్కనిదిగా చూపుటకు పూర్వము బజారులలో ఈ యుపాయమును వాడెడివారట. చిన్న పల్లేరున కీ గుణము లేదు. పొలము గట్టున నిలిచి సందేహము తీర్చుకొనుటకు ఇంతకన్న సులభమైన పరీక్ష నే నెఱుగను.

అట్లయిన చిన్న పల్లేరునకు నిజమైన చుట్టమెవరు? వాయవ్య భారతమున ఎడారి ఇసుకలలో ట్రిబ్యులస్ పెంటాండ్రస్ అను మొక్క కలదు. ఆకును పూవును చూచి మనవారు దీనిని తప్పక పల్లేరే యనుకొందురు. కాయను చేతికి తీసికొనిన భేదము తేలును: ముక్కల అంచులందు ముండ్లకు మారుగా పంటి అంచు గల రెక్కలుండును. పెంటాండ్రస్ అనగా ఐదు కేసరములు గలది యని అర్థము. చిన్న పల్లేరు నూగునందును, ఆకు పరిమాణమునందును చోటు చోటునకు మిక్కిలి మారును గనుక ఈ జాతిలో ఆకును నమ్మి నిర్ణయించుట ప్రమాదము, కాయయే సాక్షి.

ఆయుర్వేద దశమూలములలో చేరిన గోక్షురమునకు భారత ఆయుర్వేద ఔషధకోశము చిన్న పల్లేరునే గ్రహించినది. ఏనుగుపల్లేరునకును వైద్యమున తన స్థానము కలదు. తమిళ సిద్ధవైద్యులు రెంటిని వేర్వేరుగానే వాడుదురు. పొడి చేసిన పిమ్మట సామాన్యుని కంటికి ఏది ఏదియో తెలియదు. కాబట్టి కాయలనే కొని, నాలుగు పలకల గట్టికాయలను ఏరివేసి, ఐదు ముక్కలుగా విడివడు కాయలను మాత్రము ఇంట దంచుకొనవలెను.