విదేశమున గిటారు కొనువారికి

పెడన, మచిలీపట్నము, గుడివాడ, దివిసీమ ప్రాంతములనుండి చదువునకో, ఉద్యోగమునకో విదేశములకు వెళ్లినవారు నేడు అనేకులు కలరు. సెలవులకు ఇంటికి వచ్చునపుడు తమ్మునికో, చెల్లెలికో ఒక మంచి గిటారు తేవలెనని వారు కోరుట సహజము. అందులకై కష్టార్జితమును వెచ్చింతురు. అట్టి వాద్యము మన డెల్టా గాలిలో ఒక్క వానకాలము గడచుసరికి చెడినచో, ధనముతో పాటు నేర్చుకొను పిల్లల ఉత్సాహము కూడ పోవును. కావున కొనుటకు ముందు చూడవలసిన సంగతులను మా శ్రోతలకు తెలుపదలచితిమి.

పరదేశపు వాద్యమును మనదిగా చేసికొనుట తెలుగువారికి క్రొత్త కాదు. ద్వారం వేంకటస్వామినాయుడుగారి చేతిలో వయొలిను, పాలకొల్లున 1969లో జన్మించిన శ్రీనివాస్‌గారి చేతిలో మాండలిను మన రాగములను పలికినవి. ఇక గిటారు సంగతి. దానికి నేటి రూపమును చాలవరకు తీర్చినవాడు స్పెయిను దేశపు ఆంటోనియో దె టోరెస్ (1817–1892). నైలాను తీగల గిటారులు ఆ మార్గమున వచ్చినవే. జర్మనీనుండి 1833లో అమెరికాకు వలస వెళ్లిన సి. ఎఫ్. మార్టిన్ నెలకొల్పిన సంస్థ ఉక్కు తీగల గిటారులకు ప్రసిద్ధి కెక్కినది. ఈ రెండు రకములలో ఏది కావలెనో ముందుగనే నిశ్చయించుకొనవలెను. నైలాను తీగలకై తేలికగా చేసిన గిటారునకు ఉక్కు తీగలు బిగించినచో, ఆ లాగుడునకు పై పలక ఉబ్బి, బ్రిడ్జి ఊడివచ్చు ప్రమాదము కలదు.

తీగ కదలికను గాలికి అందించి నాదమును పెంచునది పై పలక. దానికి స్ప్రూస్, సీడార్ అను మ్రానుల కర్ర వాడుదురు. అది ఒకే కర్ర పలకయో, పొరలు అతికిన ప్లైవుడ్డో తెలిసికొనుటకు ధ్వనిరంధ్రపు అంచును పరీక్షింపుడు. పైన కనబడు నార గీతలు అంచు మందములోనికి కూడ సాగియున్నచో అది ఒకే కర్ర. అడ్డముగా పొరలు కనబడినచో ప్లైవుడ్డు. ఒకే కర్ర పలక నాదము నిండుగా ఉండును. ఆ రంధ్రముగుండా చిన్న దీపముతో లోపల చూచి, ఆధారపు బద్దలు ఊడినవేమో, పగుళ్లు ఉన్నవేమో కూడ గమనింపవలెను.

నూజివీడు వీణలను ఎరిగినవారికి ఇచట ఒక భేదము చెప్పవలెను. వీణ మెట్లు మైనముపై నిలిచియుండును. స్వరము తప్పినచో మైనమును కరగించి మెట్లను తిరిగి అమర్పవచ్చును. గిటారు మెట్లు దండిలోనికే దిగగొట్టబడియుండును. కావున స్వరదోషమును అంగడిలోనే కనిపెట్టవలెను. తీగను శ్రుతి చేసి, పండ్రెండవ మెట్టుపై వ్రేలిని తాకించి మాత్రమే మీటి, వెంటనే వ్రేలు తీయుడు. సన్నని స్వరమొకటి వినవచ్చును. పిమ్మట అదే మెట్టువద్ద నొక్కి మీటుడు. రెండు స్వరములును కలియవలెను. ఏలయన, ఆ మెట్టు తీగ పొడవులో సగమువద్ద ఉండును. 650 మిల్లీమీటర్ల తీగకు అది 325 మిల్లీమీటర్ల దూరము. తరువాత ప్రతి తీగను ప్రతి మెట్టువద్దను మీటి, ఎచటనైనను జీర ధ్వని వచ్చుచున్నదేమో వినుడు. పండ్రెండవ మెట్టునకును తీగకును నడుమ ఎడము ఉక్కు తీగలకు 2 నుండి 3, నైలాను తీగలకు 3 నుండి 4 మిల్లీమీటర్లున్నచో వ్రేళ్లకు శ్రమ ఉండదు. ఉక్కు తీగల గిటారు దండిలో ట్రస్ రాడ్ అను ఇనుప కడ్డీ ఉండును. దండి కొంచెము వంగినచో దానిని త్రిప్పి సరిచేయవచ్చును.

ఇంతవరకు చెప్పినవి ఏ దేశమువారికైనను వర్తించును. మనవారికి ముఖ్యమైనది తేమ. పచ్చి కర్రతో అద్దకపు అచ్చు చెక్కినచో ఏమగునో పెడన పనివారికి తెలియును. వానకాలమున పడుగు గంజి ఎంత ఆలస్యముగా ఆరునో నేతవారికి తెలియును. మంచి గిటారులను సాధారణముగా నూటికి 45 మొదలు 50 పాళ్ల తేమ గల గదులలో తయారు చేయుదురు. మన తీరమున వర్షఋతువులో గాలి తేమ 80 పాళ్లు దాటుట వింత కాదు. కర్ర తేమను పీల్చి నారకు అడ్డముగా ఉబ్బును. అందుచే పై పలక పైకి లేచి, తీగలు మెట్లకు దూరమగును. నాదము మందగించును. అందుచేత ఒక మాట నిస్సంకోచముగా చెప్పుచున్నాము. గదిలో తేమను అదుపు చేయు వసతి లేని ఇంటికి, అంతయు ఒకే కర్ర పలకలతో చేసిన ఖరీదైన గిటారుకంటె, పై పలక మాత్రమే అట్టిదై, వెనుకయు ప్రక్కలును ప్లైవుడ్డుతో చేసినది మేలు. అది తేమ మార్పులను ఎక్కువ ఓర్చుకొనును.

పాత గిటారు కొనువారు కర్ర జాతిని కూడ విచారింపవలెను. బ్రెజిల్ రోజ్‌వుడ్ కర్ర 1992నుండి అంతర్జాతీయ ఒప్పందపు కఠినమైన పట్టికలో ఉన్నది. అనుమతి పత్రములు లేక దానిని సరిహద్దు దాటింపరాదు. తక్కిన రోజ్‌వుడ్ జాతులు 2017లో నియంత్రణ క్రిందికి వచ్చినను, తయారైన వాద్యములకు 2019లో సడలింపు లభించినది. మార్టిన్ సంస్థ 1969లో బ్రెజిల్ కర్రను విడిచి భారతదేశపు కర్రను చేపట్టినది. మనము ఇరుగుడు అను చెట్టు కర్రయే అది. ఏనుగు దంతము, తాబేటి చిప్ప అమర్చిన పాత వాద్యముల జోలికి పోకుండుట క్షేమము.

ప్రయాణమునకు గట్టి పెట్టె తప్పనిసరి. తీగలను కొంత వదులు చేసి, దండి తలకు మెత్తని గుడ్డ చుట్టవలెను. వాద్యమును మీతో లోనికి తెచ్చుకొననిత్తురో లేదో విమాన సంస్థను ముందే అడుగుడు. సుంకము లేక తేదగిన వస్తువుల విలువకు గల పరిమితి మారుచుండును. బయలుదేరుటకు ముందు దానిని తెలిసికొని, రశీదును చేతిసంచిలో ఉంచుకొనుడు.

ఇల్లు చేరిన వెంటనే పెట్టె తెరువక, కొన్ని గంటలు గదిలో ఉంచి, పిదప తెరువుడు. వాయించని వేళ గిటారును పెట్టెలోనే ఉంచవలెను. వాన తగిలెడు గోడప్రక్కను, రేకుల కప్పు క్రిందను, ఎండలో నిలిపిన కారులోను ఉంచరాదు. సిలికా జెల్ పొట్లములు, తేమను కొలుచు చిన్న సాధనము పెట్టెలో ఉంచి, తేమ పట్టిన పొట్లములను మార్చుచుండుడు. ఇవి కొద్ది ఖర్చుతో లభించును. గిటారు ధరతో పాటు ఈ ఖర్చును కూడ మొదటనే లెక్కలో చేర్చుకొనుడని మా సలహా.